చర్చ్‌గేట్ తర్వాతి స్టేషన్

ఇరవై రెండేళ్లు నేను రోజూ ఒక స్టేషన్ ముందే దిగిపోయాను. ఆ సంగతి రిటైరయ్యాక గానీ నాకు తెలియలేదు.

1997 నుంచి 2019 వరకు నా ఆఫీసు ముంబయిలో కఫ్ పరేడ్ దగ్గర, ఇల్లు బోరివలీలో. పొద్దున్నే అందరికీ డబ్బాలు కట్టి, ఎనిమిదింటి ఫాస్ట్ లోకల్లో లేడీస్ డబ్బా ఎక్కేదాన్ని. బోరివలీ నుంచి చర్చ్‌గేట్‌కు 34 కిలోమీటర్లు. ఆ దూరమంతా రైలు సుమారు గంటలో తీసుకెళ్లేది. అక్కడ పట్టాలు అయిపోతాయి. ఆఫీసు ఇంకా రెండున్నర కిలోమీటర్లు. అసలు టెన్షన్ అప్పుడు మొదలయ్యేది. సబ్‌వేలోంచి బయటపడి బస్సు క్యూలో నిలబడాలి. లేదంటే షేర్ టాక్సీ క్యూలో. రెండూ పొడుగ్గా ఉంటే నడవాలి. వానాకాలంలో ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, భుజాన బ్యాగుతో ఆ దారిలో ఎన్ని వందలసార్లు నడిచానో.

మా ఆఫీసులో మూడు లేట్ మార్కులు పడితే ఒక క్యాజువల్ లీవు కోసేసేవాళ్లు. లోకల్ ఐదు నిమిషాలు లేటైనా నేను పరుగు పెట్టి సర్దుకోగలిగేదాన్ని. చర్చ్‌గేట్ బయట బస్సు దొరక్కపోతే మాత్రం చేసేదేమీ లేదు. పిల్లల పరీక్షల కోసమని దాచుకున్న సెలవులు అలా కరిగిపోతుంటే ఏడుపొచ్చేది. ఒకసారి కూర్చుని లెక్క వేశాను. బస్సు కోసం, నడక కోసం పోయింది పోనూ ఇరవై, రానూ ఇరవై, రోజుకు నలభై నిమిషాలు. ఏడాదికి 270 పని దినాలు. ఇరవై రెండేళ్లకు 3,960 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 165 రోజులు. దాదాపు అర్ధ సంవత్సరం నా జీవితం చర్చ్‌గేట్‌కూ కఫ్ పరేడ్‌కూ మధ్య రోడ్డు మీద గడిచింది.

రిటైరయ్యాక హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ముంబయిలోనే ఉండిపోయిన మా తమ్ముడు ఒక రోజు ఫోన్‌లో పాత బొంబాయి పటం ఒకటి పంపించి, "అక్కా, చర్చ్‌గేట్ కింద ఏముందో చూడు" అన్నాడు. పెద్దది చేసి చూశాను. నాకు తెలిసిన చోట పట్టాలు ఆగలేదు. ఓవల్ మైదానం పడమటి అంచున సముద్రం ఒడ్డు వెంబడి ఇంకా కిందికి, కొలాబా దాకా వెళ్లాయి. చివర్న పెద్ద స్టేషన్. అది నా ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది!

ఆ స్టేషన్‌ను 1930 డిసెంబరు 31 అర్ధరాత్రి మూసేశారు. ఆ మూతకు మూల్యం నాలాంటివాళ్లు లక్షలమంది రోజూ చెల్లిస్తూ వచ్చారన్నది నా వాదన. స్టేషన్‌ను మూసింది రైలు అవసరం తీరిపోయి కాదు, దాని కింద ఉన్న నేల కోసం. ఈ రెంటికీ తేడా ఉంది. ఆ తేడాను మనం ఇప్పటికీ సరిగ్గా పట్టించుకోవట్లేదని నా బాధ.

అసలు ఆ రైలు సముద్రం అంచుకు ఎలా చేరిందో చూస్తే, మొదట్నుంచీ అది నేల కథే. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఇంగ్లండుకు వెళ్లడం ఆగిపోయింది. మన పత్తికి విపరీతమైన ధర పలికింది. బొంబాయిలో డబ్బు వరదలా వచ్చిపడింది. ఆ డబ్బుతో సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామని కంపెనీలు పుట్టాయి. వాటిలో పేరున్నది బ్యాక్‌బే కంపెనీ. బ్యాక్‌బే అంటే ఊరికి పడమట ఉన్న అఖాతం. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ షేర్లు కొన్నారు. 1865లో యుద్ధం ఆగింది, పత్తి ధర పడిపోయింది, దాంతోపాటు కంపెనీలూ కుప్పకూలాయి. ఆ గాలివాన వెలిశాక ఒడ్డు వెంట మిగిలిన సన్నటి నేల పట్టీ మీదే బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన పట్టాలు వేసుకుంది. వాడుకలో దాన్ని బీబీ అండ్ సీఐ అనేవాళ్లు. ఈనాటి వెస్టర్న్ రైల్వేకు అదే పూర్వీకురాలు.

ఆ కంపెనీ గుజరాత్ వైపు నుంచి కట్టుకుంటూ వచ్చి 1864 నవంబరులో గ్రాంట్ రోడ్ చేరింది. 1867 ఏప్రిల్ 12న విరార్ నుంచి బ్యాక్‌బేకు మొదటి లోకల్ నడిచింది. రోజుకు ఒకటే రైలు. పొద్దున వచ్చేది, సాయంత్రం తిరిగి వెళ్లేది. ఆ మొదటి రైలు ఆగిన ఊళ్ల పేర్లు చదువుతుంటే నాకు భలే సంతోషం వేసింది. ఇప్పటి అంధేరీ అప్పుడు అందారు, బాంద్రా బండోరా, గోరేగావ్ పహాడీ. మా బోరివలీ కూడా ఉంది, బోరెవ్లా పేరుతో.

ఆ జాబితాలో పంజే అనే పేరు కూడా కనిపిస్తుంది. వసయి ఖాడీ, అంటే సముద్రపు పాయ, మధ్యలో ఉన్న చిన్న లంక అది, ఇప్పుడు పంజూ అంటారు. నాయగావ్‌కూ భయందర్‌కూ మధ్య మన రైలు ఆ లంక మీదుగానే వెళ్తుంది, ఆగదు. అక్కడి జనం పడవల్లో దాటుతారు, లేదంటే ప్రాణాలకు తెగించి రైలు వంతెన పక్కన నడుచుకుంటూ వెళ్తారు. తలుపు దగ్గర నిలబడి గాలి పీల్చుకునే ప్రయాణికులకు కింద ఒక ఊరుందనీ, ఒకప్పుడు ఆ ఊరికి రైలు ఆగేదనీ తెలియదు. విరార్ లోకల్లో అన్నిసార్లు తిరిగిన నాకూ తెలియలేదు.

తర్వాత 1870లో చర్చ్‌గేట్, 1873లో కొలాబా వచ్చాయి. మొదట్లో కొలాబాది తాత్కాలిక స్టేషన్. 1896లో పక్కా భవనం కట్టారు. అక్కడే ఎందుకంటే, అప్పటి కొలాబా అంటే పత్తి. 1844లో ఊరి మధ్య నుంచి పత్తి బజారును కొలాబాకు తరలించారు. అంతకు ఆరేళ్ల ముందే, 1838లో, లంకగా ఉన్న కొలాబాను బొంబాయితో కలుపుతూ కట్ట వేశారు. ఇప్పుడు చెప్పులూ గాజులూ బేరమాడి కొనే కొలాబా కాజ్‌వే అదే. గుజరాత్ నుంచి, బరోడా నుంచి పత్తి బేళ్లు రైల్లో వచ్చి నేరుగా బజారు పక్కనే దిగేవి. జనం కూడా వెళ్లేవాళ్లు. దండు ఇళ్లున్నాయి, అఫ్గాన్ చర్చి ఉంది, కోలీ జాలరుల పల్లె ఉంది. దూరప్రాంతాల బండ్లూ అక్కణ్నుంచే బయల్దేరేవి. 1928 సెప్టెంబరు 1న మొదలైన ఫ్రాంటియర్ మెయిల్ కొలాబా నుంచి పెషావర్ దాకా వెళ్లేది. నేను షేర్ టాక్సీ కోసం కొట్టుకున్న పేటలో ఒకప్పుడు పెషావర్ రైలు ఎక్కేవారంటే ఊహించుకోండి.

1928లోనే ఇంకొకటి జరిగింది. నా వాదనకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఆ ఏడాది జనవరి 5న కొలాబా నుంచి బోరివలీ వరకు కరెంటు రైళ్లు మొదలయ్యాయి. దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచింది. దాని తర్వాత మూడేళ్లలోపే మా లైనుకూ ఆ భాగ్యం దక్కింది. కొలాబా నుంచి బోరివలీ! అంటే నా ఆఫీసు నుంచి నా ఇంటికి, బండి మారకుండా, కరెంటు లోకల్. నేను పుట్టడానికి ముప్ఫై ఏళ్ల ముందే ఆ సౌకర్యం ఉంది. మూడేళ్లు నిండకముందే తీసేశారు. స్తంభాలు పాతి, తీగలు లాగి, కొత్త బండ్లు తెప్పించిన లైను కొసను ఎవరైనా పనికిరాదని మూస్తారా? రైల్వే నడిపేవాడి ఆలోచనైతే అలా ఉండదు. నేల కావాలనుకున్నవాడి ఆలోచన అది.

ఆ నేల ఎవరికి కావాలి? బొంబాయి ప్రభుత్వానికి. 1918లో గవర్నరుగా వచ్చిన సర్ జార్జ్ లాయిడ్ కాలంలో బ్యాక్‌బే పూడ్చివేతను మళ్లీ తలకెత్తుకున్నారు. ఈసారి పథకం 1,145 ఎకరాలు, ఎనిమిది బ్లాకులు. సముద్రంలో రాతి గోడ కట్టి, అడుగు నుంచి బురద తోడి గోడ లోపల పోస్తే నేలవుతుందన్నారు. పోసిన బురద గోడ సందుల్లోంచి మళ్లీ సముద్రంలోకి కారిపోయింది. ఖర్చు అదుపు తప్పింది. జనం దీన్ని లాయిడ్ పిచ్చిపని అన్నారు. ఖుర్షీద్ నరీమన్ అనే లాయరు ఇందులోని అవకతవకలను బయటపెట్టాడు. హార్వే అనే ఇంజనీరు ఆయన మీద పరువు నష్టం కేసు వేస్తే నరీమన్ ఆ కేసు గెలిచాడు. చివరికి ఎనిమిది బ్లాకుల్లో ఉత్తరాన 1, 2, దక్షిణాన 7, 8 మాత్రమే అప్పట్లో తేలాయి. నడుమ సముద్రం సముద్రంలాగే ఉండిపోయింది.

తేలిన ఆ కాస్త నేలకూ పాత ఊరికీ మధ్యలో పట్టాలున్నాయి. కొత్త నేలకు ధర రావాలంటే మధ్యలో రైలు ఉండకూడదు. చర్చ్‌గేట్ నుంచి కొలాబా దాకా రైల్వే నేలను ప్రభుత్వం తీసుకుంది. బదులుగా దూరప్రయాణాల బండ్లకు బెలాసిస్ రోడ్డు పక్కన కొత్త టెర్మినస్ కట్టారు. అదే బొంబాయి సెంట్రల్. క్లాడ్ బాట్లీ గీసిన నక్షా, 21 నెలల్లో పూర్తయిన పని, కోటీ 56 లక్షల రూపాయల ఖర్చు. 1930 డిసెంబరు 18న గవర్నరు సర్ ఫ్రెడరిక్ సైక్స్ ప్రారంభించాడు. మరో రెండు వారాలకు కొలాబా మూతపడింది. లోకల్ రైళ్లకు చర్చ్‌గేట్ చివరి స్టేషన్ అయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బొంబాయి సెంట్రల్ పక్కనే కామాఠీపురా. ఆ పేరు వినగానే జనం ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. ఆ పేట పేరు మనవాళ్ల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుంచి కూలి కోసం వెళ్లి, రాళ్లు కొట్టి, సున్నం మోసి, బొంబాయి భవనాలు కట్టిన తెలుగు కామాటీలు కాపురమున్న పేట అది. మా తాత కరీంనగర్ వైపు నుంచి అలా వెళ్లినవాడే. "మీ తాత మోసిన సున్నం ఉంది బొంబాయి సెంట్రల్ గోడల్లో" అని నాయనమ్మ చెప్పేది. ఆవిడ చెప్పిన మాటే, నా దగ్గర కాగితం ఏమీ లేదు. అయినా ఆ స్టేషన్ మెట్లెక్కినప్పుడల్లా గోడను ఒకసారి చేత్తో తాకడం నాకు అలవాటు. తాతకు రెండేళ్లు కూలి దొరికిన స్టేషన్ కోసమే మనవరాలి ఆఫీసు పక్క స్టేషన్ పోయిందని ఆ పటం చూశాక తెలిసింది. ఆయన మీద కోపమెందుకు వస్తుంది? ఆయన చేతిలో ఉన్నది తట్ట మాత్రమే కదా.

కొలాబాను మూయడంలో న్యాయం ఉందనేవాళ్లూ ఉన్నారు. మా తమ్ముడే మొదటివాడు. వాడు సివిల్ పనుల మనిషి, వాదన గట్టిగా చేస్తాడు. "అక్కా, ఒడ్డు పొడుగునా రైలు గేట్లుండేవి. బండి వచ్చినప్పుడల్లా గేటు పడేది. పొగ, మసి. ఊరికీ సముద్రానికీ మధ్య గోడలా ఉండేవి ఆ పట్టాలు. అవి తీయబట్టే ఓవల్ ఎదురుగా ఆ అందమైన ఇళ్లొచ్చాయి" అన్నాడు. ఇళ్ల మాట నేనూ ఒప్పుకుంటాను. మైదానానికి ఒక పక్క హైకోర్టు, రాజాబాయి గోపురం, ఎదురు పక్క 1930ల నాటి గుండ్రటి బాల్కనీల ఇళ్లు. 2018లో ఆ రెండు వరసలకూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. లంచ్ టైంలో అటు నడిచినప్పుడు నేనూ ఆగి చూసేదాన్ని.

అయితే నేను వాణ్ని అడిగాను, "మరి చర్చ్‌గేట్‌కు పైన సంగతేంట్రా?" అని. మెరైన్ లైన్స్, చర్నీ రోడ్ వెళ్లి చూడండి. పట్టాలు అక్కడ ఇప్పటికీ సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. వాటికి ఒక పక్క ఊరు, ఇంకో పక్క జింఖానాలు, మెరైన్ డ్రైవ్. జనం వంతెన మీంచి దాటి సముద్రం దగ్గరికి వెళ్తున్నారు. ఆ పట్టాలుండగానే మెరైన్ డ్రైవ్ వచ్చింది, అందంగానే వచ్చింది. పొగ మాట కూడా నిలబడదు, 1928 నుంచే లోకల్స్‌కు కరెంటు. గేట్లు ఇబ్బందైతే పైనుంచి వంతెన వేస్తారు, లేదా పట్టాలను పైకెత్తుతారు. చర్చ్‌గేట్‌కు ఉత్తరాన కుదిరింది దక్షిణాన ఎందుకు కుదరదు? వాడు దీనికి జవాబు చెప్పలేదు. "సరేలే అక్కా, టీ తాగు" అన్నాడు.

పత్తి వెళ్లిపోయింది కాబట్టి స్టేషన్ పని అయిపోయిందనేది ఇంకో మాట. నిజమే, పత్తి బజారు కొలాబా నుంచి శివడీ వైపు తరలిపోయింది. హార్బర్ లైన్లో కాటన్ గ్రీన్ స్టేషన్ పేరు దాని గుర్తే. బేళ్లకు కొలాబా అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం సముద్రాన్ని పూడ్చిందెందుకు? అక్కడ జనం ఉండాలని, ఆఫీసులు రావాలని. వేలమంది కొత్త మనుషులు రావడానికి నేల తయారు చేస్తూ, వాళ్లను తీసుకురావాల్సిన రైలును తీసేశారు. దీన్ని నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా సమర్థించలేకపోయాను. అప్పటికి కొలాబాలో దిగేవాళ్లు తక్కువే ఉండొచ్చు. పూడ్చివేత పథకం రేపటి జనం కోసమని చెప్పినవాళ్లు, రైలు దగ్గరికి వచ్చేసరికి ఇవాళ్టి జనాన్ని లెక్కపెట్టారు.

ట్రాములూ బస్సులూ ఉన్నాయి కదా అనేవాళ్లకు కూడా ఒక మాట. ఉండేవి. బొంబాయిలో గుర్రపు ట్రాము 1874లో కొలాబా నుంచే మొదలైంది. మొదటి బస్సు 1926 జులై 15న కొలాబాలోని అఫ్గాన్ చర్చి నుంచే క్రాఫర్డ్ మార్కెట్‌కు నడిచింది. ట్రాము వచ్చినా, బస్సు వచ్చినా మొదట కొలాబాకే వచ్చింది, ఆ పేటకు అంత గిరాకీ ఉండేది. ట్రాములను 1964 మార్చి 31న ఆపేశారు. మిగిలింది బస్సు. పన్నెండు డబ్బాల లోకల్ ఒకటి చర్చ్‌గేట్‌లో ఖాళీ అయితే ప్లాట్‌ఫాం మీద నేల కనిపించదు. అలాంటివి మూడు నాలుగు నిమిషాలకొకటి వస్తుంటే, ఆ జనాన్ని బస్సులు ఎలా మోస్తాయి?

స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వాలైనా సరిదిద్దాయా అంటే, ఇంకా పెంచాయి. మధ్యలో ఆగిపోయిన సముద్రాన్ని 1960లు, 70లలో మళ్లీ పూడ్చడం మొదలుపెట్టారు. అలా వచ్చిందే నరీమన్ పాయింట్. పూడ్చివేతలోని అక్రమాల మీద పోరాడిన మనిషి పేరే దానికి పెట్టారు. కఫ్ పరేడ్ ఒడ్డునూ అలాగే పెంచారు. ఆకాశాన్నంటే ఆఫీసులు లేచాయి, స్టేషన్ మాత్రం రాలేదు. ఆఫీసులన్నిటినీ ఊరి కొసన పోగెయ్యొద్దు, ఖాడీ అవతల కొత్త నగరం కట్టండి అని 1960లలోనే చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ చెప్పారు. నవీ ముంబయి ఆ ఆలోచనలోంచే పుట్టింది. కానీ నరీమన్ పాయింట్ కట్టడం ఆగలేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా చర్చ్‌గేట్ నుంచి దక్షిణానికి నడిచే జనాన్ని చూస్తే ఊరేగింపు అనుకోవాలి. రోజూ అదే జనం, అదే నడక. ఆ నడకలో నా పక్కన ఉండే ఆడవాళ్లలో చాలామంది విరార్, నాలాసోపారా నుంచి వచ్చేవాళ్లు. ఇంట్లోంచి బయల్దేరి అప్పటికే రెండు గంటలు గడిచి ఉండేది. వాళ్లకు ఆ ఇరవై నిమిషాలు చిన్న విషయం కాదు. సాయంత్రం ఆ ఇరవై నిమిషాలే విరార్ ఫాస్ట్‌లో సీటు దొరుకుతుందా లేదా అని తేల్చేవి.

స్టేషన్ ఉన్న చోట ఇప్పుడు బధ్వార్ పార్క్ ఉంది. రైల్వే పెద్ద అధికారుల కాలనీ. రైల్వే బోర్డు ఛైర్మన్‌గా పనిచేసిన ఎఫ్.సి. బధ్వార్ పేరు పెట్టారు. చాలామందికి ఆ పేరు 2008 నవంబరు 26 వల్ల గుర్తు, ఆ రాత్రి ఉగ్రవాదులు పడవ దిగింది దాని ఎదుటి జాలరుల ఒడ్డునే. ఆ కాలనీ గోడ పక్కనుంచి నేను ఏళ్ల తరబడి నడిచాను. రైల్వే నేల రైల్వే దగ్గరే కొంత మిగిలింది, రైలు ఒక్కటే లేదు.

గత ఏడాది అక్టోబరులో, అంటే 2025 అక్టోబరు 8న, ముంబయి మెట్రో మూడో లైను కఫ్ పరేడ్ వరకు పూర్తిగా ప్రారంభమైంది. ఆరే నుంచి కఫ్ పరేడ్ వరకు 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఒక్కటి తప్ప అన్నీ నేల కిందే. ఖర్చు 37 వేల కోట్ల రూపాయలకు పైనే. సగటున కిలోమీటరుకు 1,100 కోట్లు. ఆ లెక్కన చర్చ్‌గేట్ నుంచి కఫ్ పరేడ్ వరకు ఉన్న రెండున్నర కిలోమీటర్ల ముక్కకే రెండున్నర వేల కోట్లకు పైన పడింది. 1930లో పైన ఉన్న పట్టాలను తీసి, 95 ఏళ్ల తర్వాత నేలకింద బండను తొలిచి మళ్లీ రైలు వేశాం. మధ్యలో నాలుగు తరాల ఉద్యోగులు నడిచారు. మెట్రో కట్టడం తప్పనను. నేను ఎంతో సంతోషించిన రోజుల్లో అదొకటి. నా కోపం ఆ తొంభై అయిదేళ్ల మీద.

ఇదంతా హైదరాబాద్‌లో కూర్చుని రాయడానికి కారణముంది. మేముండేది చందానగర్. మొదటి నెలలోనే ఎంఎంటీఎస్ ఎక్కాను, లోకల్ అలవాటు అంత తేలిగ్గా పోదు కదా. 2003 ఆగస్టు 9న మొదలైన ఈ రైళ్లు లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కు, నాంపల్లికి వెళ్తాయి. టికెట్టు చవక, పట్టాలు ఎప్పుడో నిజాం కాలంలో వేసినవి, స్టేషన్లు ఊరి నడిబొడ్డున ఉన్నాయి. అయినా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "ఎంఎంటీఎస్‌లో జనమే ఉండరు, ఆ స్టేషన్లు తీసేసి ఆ స్థలాలు వాడుకుంటే కోట్లొస్తాయి" అని రాశాడు. పదిమంది బొటనవేళ్లు పైకెత్తారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జనం ఎందుకు లేరో ఎవరూ అడగరు. హైటెక్ సిటీ అనే పేరున్న ఎంఎంటీఎస్ స్టేషన్‌లో దిగితే సైబర్ టవర్స్ ఇంకా మూడు కిలోమీటర్ల దూరం ఉంటుంది. దిగిన మనిషి ఏం చేయాలి? ఆటో ఎక్కాలి, లేదా ఎండలో నడవాలి. అది నా చర్చ్‌గేట్ కష్టమే, పేరు వేరంతే. బండ్లు పెంచి, స్టేషన్ బయట చిన్న బస్సులు పెట్టి, నడవడానికి నీడ ఉన్న ఫుట్‌పాత్ వేసి, అప్పుడు చూడండి జనం వస్తారో రారో. అవేమీ చేయకుండా ఖాళీ ప్లాట్‌ఫాం ఫొటో తీసి, ఇది దండగ అనడం అన్యాయం. ఊరి మధ్యలో తెగకుండా సాగే ఇరవై ముప్ఫై కిలోమీటర్ల పట్టీని ఇవాళ కొనాలంటే ఏ ప్రభుత్వం తరమూ కాదు. ఒక్కసారి ముక్కలు చేసి అమ్మితే, ఒక ముక్కలో ఆసుపత్రి, ఇంకో ముక్కలో మాల్, మరో ముక్కలో ఇళ్లు వస్తాయి. తర్వాత ఎవరి ఇల్లు కూల్చి పట్టాలు వేస్తారు? నేల కిందికే వెళ్లాలి, కిలోమీటరుకు వెయ్యి కోట్లు పోసుకుంటూ.

ఇదే ఆ గ్రూపులో రాశాను. పెద్దదైపోయింది, ఎవరూ చదివినట్టు లేరు. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

మొన్న డిసెంబరులో మా తమ్ముడి కూతురి పెళ్లికి ముంబయి వెళ్లాను. పెళ్లి మర్నాడు ఎవరితోనూ చెప్పకుండా బోరివలీ వెళ్లి ఎనిమిదింటి ఫాస్ట్ ఎక్కాను. లేడీస్ డబ్బాలో ముఖాలన్నీ కొత్తవి. అయినా నా జుట్టు చూసి ఒకమ్మాయి జరిగి మూడు వేళ్ల చోటిచ్చింది. దిగాక కాళ్లు వాటంతటవే సబ్‌వే వైపు, బస్సుల వైపు వెళ్లాయి. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చి మెట్రో దారి వెతుక్కున్నాను. కింద చల్లగా ఉంది. విధాన్ భవన్ ఒక స్టేషన్, తర్వాతది కఫ్ పరేడ్. తలుపులు తెరుచుకున్నప్పుడు వాచీ చూశాను, ఐదారు నిమిషాలు పట్టింది.

పైకి వచ్చి పాత ఆఫీసు దాకా వెళ్లాను. గేటు దగ్గర కుర్రాడు ఎవరికోసమని అడిగితే ఎవరికోసమూ కాదన్నాను. టైం తొమ్మిదీ పదిహేను. మెట్రో స్టేషన్ వైపు నుంచి ఆడవాళ్లు గుంపులుగా వస్తున్నారు. ఎవరూ పరిగెత్తట్లేదు. ఇద్దరు నడుస్తూనే ఒక కాగితం పొట్లంలోంచి వేరుశనక్కాయలు తింటున్నారు, మధ్యలో ఆగి నవ్వుకుంటున్నారు. నేను రోడ్డుకు ఇవతల నిలబడి తొమ్మిదిన్నర దాకా వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.